రెండు బైకులు, రైడింగ్ సామాను తీసుకెళ్లడానికి ఏ బండి కొనాలి?

ఉప్పల్ సవారీ

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రెండు బైకులు ఉన్నాయి. నాది హీరో ఎక్స్‌పల్స్ 200 4వి, మా తమ్ముడిది కేటీఎం ఆర్‌సీ 390. నేను వారాంతాల్లో అనంతగిరి వైపు మట్టి దారుల్లో నడుపుతాను. తమ్ముడు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న రేస్ ట్రాకుకు వెళ్తుంటాడు. ఇప్పటివరకు ఇద్దరమూ బైకుల మీదే వెళ్లి వస్తున్నాం. అయితే తమ్ముడు ట్రాకుకు పనికివచ్చే మెత్తటి టైర్లు వేయించుకున్న తర్వాత, ఆ టైర్లతో హైవే మీద ఆరు వందల కిలోమీటర్లకు పైగా నడపడం శుద్ధ దండుగ అనిపిస్తోంది. పైగా ట్రాకు మీద బండి పడిపోయి హ్యాండిల్ వంగితే తిరుగు ప్రయాణం ఎలాగన్న బెంగ అమ్మానాన్నలకు ఎప్పుడూ ఉంటుంది.

అందుకని రెండు బైకులు, రెండు సూట్లు, హెల్మెట్లు, పనిముట్ల పెట్టె, అదనపు చక్రాలు పట్టే బండి ఒకటి కొనాలనుకుంటున్నాం. పది లక్షల వరకు పెట్టగలం. సెకండ్ హ్యాండ్ అయినా అభ్యంతరం లేదు. మనసులో ఉన్నవి పాత ఇసుజు వీ-క్రాస్, బొలెరో క్యాంపర్, టాటా ఏస్, టాటా ఇంట్రా. కారు వెనక ట్రైలర్ తగిలించుకోమని కూడా ఒకరు సలహా ఇచ్చారు. మేముండేది అపార్ట్‌మెంట్‌లో అన్న సంగతి కూడా దృష్టిలో ఉంచుకొని చెప్పగలరు.

నాగోల్ నుంచి

నా ఓటు వీ-క్రాస్‌కే. నేను కొన్నేళ్లుగా వాడుతున్నాను. తెల్ల నంబర్ ప్లేటు, ఐదుగురికి సీట్లు, ఏసీ, ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నాయి. వర్షాకాలంలో వికారాబాద్ అడవి దారుల్లో బురదలో దిగినా బయటకు వస్తుంది. మిగతా రోజుల్లో ఇంటిల్లిపాదీ కారులాగే వాడుకోవచ్చు. సరుకు రవాణా బండి కొంటే నెలలో ఇరవై ఐదు రోజులు అది ఊరికే నిలబడి ఉంటుంది.

బాలానగర్ కొలత

ఉప్పల్ సవారీ గారూ, బండి పేరు తర్వాత ఆలోచిద్దాం; ముందు టేపు తీసుకొని బైకులను కొలవండి. నేను బాలానగర్‌లో ఫ్యాబ్రికేషన్ పని చేస్తాను, బైకులు ఎక్కించే ర్యాంపులు, బాడీలో కొక్కేలు చేయించుకోవడానికి మా షాపుకు వచ్చేవాళ్లు ఉన్నారు. బండి కొన్న తర్వాత కొలతలు చూసుకొని దిగాలుపడేవాళ్లే వారిలో ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఎక్స్‌పల్స్ పొడవు సుమారు 2.2 మీటర్లు, హ్యాండిల్ వెడల్పు 850 మిల్లీమీటర్ల పైమాటే. ఆర్‌సీ 390 పొడవు ఇంచుమించు రెండు మీటర్లు ఉంటుంది, హ్యాండిల్ కురచగా ఉంటుంది. వీ-క్రాస్, టయోటా హైలక్స్, క్యాంపర్ వంటి డబుల్ క్యాబ్ (రెండు వరుసల సీట్లున్న) బండ్లన్నింటిలో వెనుక బాడీ పొడవు ఐదడుగులకు కొంచెం అటూఇటూ, అంటే ఒకటిన్నర మీటరు మాత్రమే. మీ ఎక్స్‌పల్స్‌ను అందులో నిలబెడితే వెనుక చక్రం బాడీ చివర దాటి బయటకు వస్తుంది కాబట్టి వెనుక తలుపు వేయడం కుదరదు. తలుపు తెరిచి ఉంచి ప్రయాణం చేస్తే నంబర్ ప్లేటు కనబడదు, రాత్రిపూట వెనుక నుంచి వచ్చే లారీ డ్రైవరుకు బాడీ బయటికి పొడుచుకువచ్చిన చక్రం ఎక్కడిదాకా ఉందో అంచనా దొరకదు.

అంతకన్నా ముఖ్యమైనది బరువు. ఆర్‌సీ 390 బరువు 172 కిలోలు, ఎక్స్‌పల్స్ సుమారు 160 కిలోలు. రెండూ కలిపి 330 కిలోలు దాటుతుంది. సామాను, ర్యాంపు కలిపితే నాలుగు వందలకు చేరుతుంది. వీ-క్రాస్ చూడటానికి ఏనుగులా ఉన్నా, ప్రైవేటు రిజిస్ట్రేషన్‌తో అమ్మే ఫోర్ వీల్ డ్రైవ్ వేరియంట్లకు కంపెనీ అనుమతించిన లోడు 300 కిలోల లోపే. ఇంజినుకు బలం లేక కాదు. ఆ బండిని ప్రయాణికుల వాహనంగా రిజిస్టర్ చేయించడానికి అనువుగా కాగితాల మీద ఆ అంకె ఉంచారు. ఎలా ఉన్నా ప్రమాదం జరిగినప్పుడు లెక్కలోకి వచ్చేది ఆ కాగితమే.

ఇక టాటా ఏస్. బాడీ సుమారు 2.2 మీటర్ల పొడవు, 1.49 మీటర్ల వెడల్పు, లోడు 750 కిలోలు. బరువుకు ఢోకా లేదు. ఒక్క బైకును ఐమూలగా నిలబెడితే హాయిగా పడుతుంది, ఎందుకంటే ఆ మూల నుంచి ఈ మూలకు 2.65 మీటర్లు వస్తుంది. రెండు బైకులైతే రెండింటినీ నిటారుగానే నిలబెట్టాలి. అప్పుడు ఎక్స్‌పల్స్ ముందు వెనుక గోడలకు తాకుతుంది, రెండు హ్యాండిళ్ల వెడల్పు కలిపితే బాడీ వెడల్పును దాటుతుంది. మారుతి సూపర్ క్యారీ కొలతలు కూడా ఇంచుమించు ఇవే.

ఇంట్రా వీ30 బాడీ 2.69 మీటర్ల పొడవు, సుమారు 1.6 మీటర్ల వెడల్పు, లోడు 1,300 కిలోలు. బొలెరో పికప్ 1.7 టన్నుల రకంలో బాడీ సుమారు తొమ్మిది అడుగులు, వెడల్పు 1.7 మీటర్లు. ఈ రెండింటిలో ఒక బైకును ముందుకు, మరోదాన్ని వెనక్కు ముఖం పెట్టి నిలబెడితే ఒకదాని హ్యాండిల్ మరోదాని సీటు పక్కకు వస్తుంది, అందువల్ల వెడల్పు సరిపోతుంది. ఎక్స్‌పల్స్ నిలబెట్టాక కూడా పొడవులో దాదాపు 45 సెంటీమీటర్లు మిగులుతుంది. పనిముట్ల పెట్టె అడ్డంగా పెట్టుకోవడానికి అది చాలు. మీ అవసరానికి నా లెక్క ప్రకారం తగినవి ఈ రెండే.

నాగోల్ నుంచి

కొలత గారు చెప్పిన బరువు లెక్కను నేను కాదనను. నేను ఎప్పుడూ ఒక్క బైకునే తీసుకెళ్తాను, దాన్ని ఐమూలగా పెట్టి, తెరిచిన తలుపుకు ఎర్ర దీపాలు, నంబర్ ప్లేటు ఉన్న అదనపు పట్టీ బిగిస్తాను. ఒక్క బైకు, కుటుంబం కలిసి వెళ్లేవారికి వీ-క్రాస్ మంచి బండి అన్న మాటకు నేను కట్టుబడి ఉన్నాను. రెండు బైకులు తప్పనిసరి అయితే మాత్రం ఇది చాలదు.

పసుపు ప్లేటు

కొలతల విషయం తేలింది కాబట్టి కాగితాల విషయం చెబుతాను. మా ఇంట్లో సరుకు రవాణా బండ్లు చాలా ఏళ్లుగా ఉన్నాయి.

ఇంట్రా, బొలెరో పికప్ వంటివి సరుకు వాహనాలు. మీ సొంత బైకులు మాత్రమే మోసినా పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలే వస్తాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం, మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు వాహనానికి పర్మిట్ అక్కరలేదు. ఇక్కడ మొత్తం బరువు అంటే ఖాళీ బండి, నింపగలిగిన లోడు కలిపి. బండి రిజిస్ట్రేషన్ కార్డు మీద ఈ అంకె రాసి ఉంటుంది. ఇంట్రా వీ30 ఈ హద్దుకు లోపలే ఉంది. బొలెరో పికప్‌లో హద్దు దాటే రకాలు కూడా ఉన్నాయి, కాబట్టి కొనేటప్పుడు ఆ అంకె చూసుకోండి. ఫిట్‌నెస్ పరీక్ష మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి.

లైసెన్సు గురించి చాలామందికి భయం ఉంది. కారు లైసెన్సు ఉన్నవారు మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా వాహనాన్ని లైసెన్సు మీద విడిగా ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి నమోదు) లేకుండానే నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చి చెప్పింది. కాబట్టి మీ అన్నదమ్ములు ఇద్దరూ మార్చి మార్చి నడుపుకోవచ్చు.

ట్రైలర్ ఆలోచన వదిలేయండి. చట్టం దృష్టిలో ట్రైలర్ కూడా ఒక మోటారు వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి. పైగా ఉప్పల్ చౌరస్తాలో సాయంత్రం ఆరింటికి ట్రైలర్‌తో వెనక్కు తీయాల్సి వస్తే పడే పాట్లు వేరు.

ఖర్చుల్లో టోల్ తేడా ఉంటుంది. 2008 నాటి జాతీయ రహదారుల రుసుము నిబంధనల్లో కారుకు కిలోమీటరుకు 65 పైసలు, తేలికపాటి సరుకు వాహనానికి 1 రూపాయి 5 పైసలు మూల రేటుగా పెట్టారు. ఏటా సవరించినా ఈ నిష్పత్తి అలాగే వస్తోంది. ఈ సరుకు బండ్లు గంటకు 80 కిలోమీటర్ల దగ్గర వేగం పెరగకుండా ఆపే పరికరంతో వస్తాయి, కాబట్టి చెన్నై ప్రయాణాన్ని కారు లెక్కన వేసుకోవద్దు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరితే సాయంత్రానికి చేరినట్టు.

ఇవన్నీ ఒక ఎత్తు, అపార్ట్‌మెంట్ సంఘం ఒక ఎత్తు. పసుపు ప్లేటు బండ్లను లోపల నిలపనివ్వని సంఘాలు నగరంలో చాలా ఉన్నాయి. కొనక ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ఉప్పల్ సవారీ

పసుపు ప్లేటు గారూ, లైసెన్సు సంగతి విని నిశ్చింతగా ఉంది. సంఘం కార్యదర్శితో మాట్లాడాను. సెల్లారులో కాకుండా గేటు పక్కన ఖాళీ స్థలంలో నిలుపుకోమన్నారు. ఇంకో సందేహం. దారిలో బండికి ప్రమాదం జరిగి లోపలి బైకులు దెబ్బతింటే, ఏ బీమా వర్తిస్తుంది?

రామంతాపూర్ రెండు చక్రాలు

నేను బీమా రంగంలో పనిచేస్తాను. పికప్‌కు చేసిన బీమా ఆ పికప్‌కే. లోపలి సరుకుకు అది వర్తించదు. అయితే మన దేశంలో ద్విచక్ర వాహనాల ప్యాకేజీ పాలసీలో (సొంత నష్టం, థర్డ్ పార్టీ రెండూ కలిసి ఉన్నది), బైకును రోడ్డు, రైలు, జలమార్గం వంటి వాటి ద్వారా తరలిస్తున్నప్పుడు జరిగే నష్టం కూడా సొంత నష్టం కింద లెక్కకు వస్తుంది. చాలామంది ఆ వాక్యం చదవరు. కేవలం థర్డ్ పార్టీ పాలసీ ఉంటే మాత్రం ఏమీ రాదు. మీ తమ్ముడి బైకుకు ప్యాకేజీ పాలసీ అమల్లో ఉందో లేదో ఇవాళే చూడండి.

అదే పాలసీలో వ్యవస్థీకృత పందేలు, వేగ పరీక్షలు మినహాయింపుల కింద ఉంటాయి. అంటే దారిలో జరిగిన నష్టానికి అడగవచ్చు, పందెంలో జరిగిన నష్టానికి అడగలేరు. అందువల్ల ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకోవడం మంచిది. ఏ గీత ఎక్కడ పడిందో అప్పుడు వాదన ఉండదు.

ఘట్‌కేసర్ గాలి

బండి ఏదైనా, బైకును కట్టే పద్ధతి సరిగా లేకపోతే నార్కెట్‌పల్లి చేరేలోపే ట్యాంకు మీద సొట్ట పడుతుంది. ఈ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ, ఎందుకంటే ఇంత ఖర్చు పెట్టి బండి కొని ఆఖరికి నైలాన్ తాడుతో హ్యాండిల్‌ను బిగించేవారిని చూస్తూనే ఉన్నాను.

తాడు వద్దు, రాట్చెట్ పట్టీలు (పిడి ఆడించి బిగించేవి) వాడండి. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. ఒక్కో బైకుకు నాలుగు, పైన రెండు అదనంగా. ముందు పట్టీలను హ్యాండిల్ గ్రిప్పులకు కాక, ఫోర్కులను (ముందు చక్రాన్ని మోసే రెండు గొట్టాలను) పట్టి ఉంచే కింది క్లాంపు చుట్టూ మెత్తటి గుడ్డ ఉచ్చు వేసి, దానికి తగిలించాలి. ఆర్‌సీ లాంటి బైకులో హ్యాండిల్ ఫోర్కు గొట్టానికి విడి ముక్కగా బిగించి ఉంటుంది, దానికి బరువు వేస్తే వంగిపోతుంది. ఇద్దరు చెరో వైపు నిలబడి కొంచెం కొంచెంగా బిగిస్తూ ముందు షాకులు సగం దాకా నొక్కుకునేలా చేయాలి. పూర్తిగా నొక్కేస్తే గుంతలో పడినప్పుడు కదలడానికి చోటుండదు, గంటల తరబడి అలా ఉంటే ఆయిల్ సీళ్లకూ మంచిది కాదు. ఎక్స్‌పల్స్‌కు చక్రానికి, పై మడ్‌గార్డ్ అడుగుకు మధ్య చెక్క దిమ్మ పెడితే షాకులు అంతకు మించి దిగవు. ఆర్‌సీకి మడ్‌గార్డ్ చక్రాన్ని ఆనుకొని ఉంటుంది కాబట్టి ఈ దిమ్మ కుదరదు.

వెనుక పట్టీలు బైకును పైకి ఎగరకుండా, పక్కకు జరగకుండా పట్టి ఉంచడానికే. వాటిని అంత గట్టిగా లాగనక్కరలేదు. సైడ్ స్టాండు పైకి ఎత్తేయాలి. స్టాండు మీద వాలి ఉండగా బిగిస్తే ఆ బరువంతా స్టాండు బోల్టు మీదే పడుతుంది. పట్టీ పెయింటుకు తగిలే ప్రతి చోటా పాత టర్కీ తువ్వాలు మడిచి పెట్టండి. నాలుగు గంటలు సన్నగా అదిరితే చాలు, నైలాన్ పట్టీ ఫెయిరింగ్ (బైకు ప్లాస్టిక్ తొడుగు) మీద మెరుపంతా గీకేస్తుంది.

బయలుదేరాక చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌ప్లాజా దాటగానే పక్కకు ఆపి ప్రతి పట్టీని చేత్తో లాగి చూడండి. మొదటి యాభై కిలోమీటర్లలోనే పట్టీలు సాగుతాయి, టైర్లు సర్దుకుంటాయి. అక్కడ మళ్లీ బిగిస్తే మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా మేదరమెట్ల వెళ్లి 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కేదాకా నిశ్చింత.

బాలానగర్ కొలత

గాలి గారు చెప్పినదానికి ఒక్క చేర్పు. ఈ పికప్‌లకు తాడు కట్టుకునే కొక్కేలు బాడీ గోడల బయటి వైపు ఉంటాయి. పట్టీ గోడ మీదుగా వెళ్లి బయటకు దిగితే ఇనుప అంచు దాన్ని కోస్తుంది, లాగే కోణం కూడా సరిగా రాదు. లోపల నేల మీద, అడుగున ఉన్న అడ్డ దూలాలకు పట్టేలా, కింద మందపాటి ప్లేటు వేసి బోల్టులతో రింగులు బిగించుకోవాలి. పలుచటి రేకుకే వెల్డింగ్ పెట్టిన రింగు మొదటి గట్టి బ్రేకుకే రేకుతో సహా లేచి వస్తుంది.

ర్యాంపు ఎనిమిది అడుగులు తక్కువ కాకుండా చేయించుకోండి. బాడీ ఎత్తు 80 సెంటీమీటర్లు అనుకుంటే ఎనిమిది అడుగుల ర్యాంపు వాలు 19 డిగ్రీలు వస్తుంది. ఆరడుగులదైతే 26 డిగ్రీలు, అప్పుడు ఆర్‌సీ ఇంజిను అడుగు భాగం ర్యాంపు అంచుకు తగులుతుంది. ర్యాంపు పై కొసను బండికి గొలుసుతో కట్టాలి, లేకపోతే వెనుక చక్రం ఎక్కే క్షణంలో అది జారుతుంది. బైకును నెట్టే మనిషి నడవడానికి పక్కన మరో పలక ఉండాలి.

మల్కాజిగిరి మెకానిక్

మూసిన వ్యాను గురించి ఎవరూ రాయలేదు. టాటా వింగర్ కార్గోలో లోపలి పొడవు 3.2 మీటర్లు, ఎత్తు సుమారు 1.9 మీటర్లు. రెండు బైకులు, సామాను తడవకుండా, దొంగల భయం లేకుండా పడతాయి. కొత్తది పది లక్షల్లో రాదు, సెల్లారులోకీ దిగదు. మూసిన బండిలో పెట్రోలు క్యాను పెట్టకూడదు. మే నెల ఎండలో ఆవిరి నిండి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. బైకు ట్యాంకుల్లో కూడా కొద్దిగానే ఉంచి, వెళ్లిన చోట బంకులో నింపుకోవడం మేలు.

హబ్సిగూడ హెల్మెట్

సామాను సంగతి కూడా బండి ఎంపికలో భాగమే అని నా నమ్మకం. నేను నా తోలు సూటు, బూట్లు, హెల్మెట్ వెనుక బాడీలో ఎప్పుడూ పెట్టను. పికప్ క్యాబిన్‌లో ఇద్దరు కూర్చున్నాక మిగిలే చోటు చాలా తక్కువ. మీ అన్నదమ్ములు ఇద్దరి హెల్మెట్లు, సూట్లు అన్నీ కలిపి అక్కడ పట్టవు. అందుకని ముందు గోడకు ఆనించి తాళం వేసుకునే ఇనుప పెట్టె ఒకటి చేయించుకోండి, కొలత గారు చెప్పిన 45 సెంటీమీటర్ల చోటు దానికే. మూత అంచున రబ్బరు పట్టీ ఉండాలి, అడుగున గాలాడే రంధ్రాలు కిందికి తెరుచుకోవాలి. ట్రాకు నుంచి తిరిగి వచ్చేటప్పుడు చెమటతో తడిసిన తోలు సూటును గాలి లేని పెట్టెలో మడిచి పెడితే తెల్లారేసరికి బూజు వాసన మొదలవుతుంది. హెల్మెట్‌ను మాత్రం ఎండకు కాగే ఇనుప పెట్టెలో వద్దు, సీటు వెనుక దాని సంచిలోనే ఉంచండి. టార్పాలిన్ కప్పేటప్పుడు హ్యాండిళ్ల చివరలకు పాత సాక్సులు తొడిగితే గుడ్డ చిరగదు.

మీతో మూడో మనిషి వస్తే వెనుక బాడీలో కూర్చోబెట్టాలన్న ఆలోచనే రానివ్వకండి. అది నేరం, ప్రాణానికీ ముప్పు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ రైలు సాయంత్రం ఎక్కితే ఉదయానికి చెన్నైలో ఉంటారు.

నాచారం నడక

కొనడమే ఎందుకు? ఏడాదికి మూడు నాలుగు సార్లు ట్రాకుకు వెళ్లేవారికి డ్రైవరుతో సహా పికప్ అద్దెకు తీసుకోవడం చవక. నేనైతే సికింద్రాబాద్ స్టేషన్ పార్శిల్ ఆఫీసులో బుక్ చేసి రైల్లో కూడా పంపాను. పెట్రోలు పూర్తిగా తీసేయాలి, గోనె సంచులతో చుట్టించాలి, రిజిస్ట్రేషన్ కార్డు నకలు ఇవ్వాలి. బైకు ఏ రోజు చేరుతుందో గట్టిగా చెప్పలేరు కాబట్టి శనివారం ఉదయం ట్రాకు మీద ఉండాల్సినవారికి రైలు పనికిరాదు, ఉద్యోగం మారి ఊరు మారేవారికి పనికొస్తుంది.

ఉప్పల్ సవారీ

నడక గారూ, అద్దె లెక్క మేమూ వేశాం. చెన్నైకి మాత్రమే అయితే మీ మాటే నిజం. నా మట్టి దారుల ప్రయాణాలు నెలకు రెండు మూడు ఉంటాయి, ప్రతిసారీ శనివారం రాత్రి అద్దె బండి వెతకడం, డ్రైవరు రోజంతా అనంతగిరిలో మా కోసం ఆగడం కుదరడం లేదు. అందుకని సొంత బండికే మొగ్గు చూపుతున్నాం.

అందరి సలహాలూ చదివి ఇంటిల్లిపాదీ కూర్చొని మాట్లాడుకున్నాం. సెకండ్ హ్యాండ్ ఇంట్రా వీ30 చూడాలని నిర్ణయించాం. బొలెరో పికప్ కన్నా నగరంలో తిప్పుకోవడం సులువుగా ఉంటుందని తమ్ముడి అభిప్రాయం. వనస్థలిపురం ఆటోనగర్‌లో ఒకటి ఉందని తెలిసింది. చూసేటప్పుడు ఏమేం గమనించాలి?

పసుపు ప్లేటు

ముందు కాగితాలు. ఫిట్‌నెస్ గడువు, బీమా గడువు, బకాయి పడిన చలాన్లు చూడండి. ఫైనాన్సు మీద కొన్న బండి అయితే అప్పు తీరినట్టు ఫైనాన్సు సంస్థ ఇచ్చే నిరభ్యంతర పత్రం, ఫారం 35 చేతికి వచ్చేదాకా మొత్తం సొమ్ము ఇవ్వవద్దు. తర్వాత బండి కిందికి వంగి ఛాసిస్ చూడండి. ఇసుక, కంకర మోసిన బండి అయితే వెనుక కమాన్ల పట్టీలు వెనక్కు వంగి ఉంటాయి, ఛాసిస్ మీద అతుకు వెల్డింగ్ కనబడుతుంది, అలాంటిది వదిలేయండి. కూరగాయలు, చేపలు మోసిన బండికి బాడీ నేల మూలల్లో తుప్పు ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తే తెలిసిపోతుంది. రింగులు బిగించేది ఆ నేలకే.

బాలానగర్ కొలత

ఆదివారం ఉదయం నాకు ఖాళీ ఉంది, పదింటికి ఆటోనగర్‌కు వస్తాను. నా ఎనిమిదడుగుల ర్యాంపు, రెండు పట్టీలు తెస్తాను. మీరు ఎక్స్‌పల్స్ మీద, తమ్ముడు ఆర్‌సీ మీద రండి. రెండింటినీ అక్కడికక్కడే బాడీలోకి ఎక్కించి, వెనుక తలుపు వేసి చూశాకే బయానా మాట ఎత్తుదాం.